బళ్లారి వీధిబడి నుంచి ఘుబ్రా దాకా: తెలుగు పిల్లల కథల చదువు

అక్షరాలు కూడబలుక్కోవడం వేరు, చదవడం వేరు. ఈ తేడాను రెండు వందల ఏళ్ల కిందటే కాగితం మీద పెట్టినవాడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. అతను తెలుగు నేర్చిన దొర. 1816లో తెలుగు వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చు వేయించాడు. గవర్నరు థామస్ మన్రో 1822లో మద్రాసు రాజధాని అంతటా దేశీయ బడుల లెక్కలు అడిగితే, క్యాంబెల్ 1823 ఆగస్టులో తన జిల్లా సంగతులు రాసి పంపాడు. జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు, అంటే బడికి సుమారు పన్నెండు మంది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పై పిల్లలు కింది పిల్లలకు చెప్పేవారు. ఇంతవరకు క్యాంబెల్‌కు పేచీ లేదు. చిక్కల్లా పుస్తకాల దగ్గర వచ్చింది. తెలుగు బడుల్లోనూ కన్నడ బడుల్లోనూ చదివించేవి ముఖ్యంగా పద్యాలే. వాటి భాష ఇంట్లో, బజారులో వాడే భాష కాదు. పద్యాల భాషకూ మాట్లాడే భాషకూ లిపి ఒకటే కాబట్టి పిల్లవాడు పద్యాన్ని గడగడా పైకి చదివేస్తాడు, అందులో ఏముందో మాత్రం వాడికి తెలియదు. ఇదీ అతని ఫిర్యాదు.

వీధిబడి పద్ధతిని పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. సుమతి, వేమన శతకాలు నోటికి వచ్చిన పిల్లలకు భాష నడక చెవిన పడింది, జ్ఞాపకశక్తి పదునెక్కింది. కాకపోతే నోటికి వచ్చిన పద్యాన్ని చూసి చదవనక్కర్లేదు. పుస్తకం చేతిలోనే ఉన్నా చూపు అక్షరం మీద ఉండదు. తెలియని వాక్యం ఎదురై, తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న తొందర పుడితేనే కన్ను పనిలోకి దిగుతుంది. ఆ తొందర పుట్టించేది కథ.

అచ్చు వచ్చాక కథ బడిలో అడుగుపెట్టింది గానీ పిల్లల మాటతో రాలేదు. 1832లో క్లూలో అనే దొర ప్రోద్బలంతో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష, తర్వాతి కాలపు పెద్దబాలశిక్షలకు మూలమైంది. గుణింతాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, నీతివాక్యాలు అన్నీ ఉన్న ఆ పుస్తకంలో కథలకు దొరికిన చోటు కొంచెమే. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. పంచతంత్ర, హితోపదేశ కథలు: సంజీవకుడనే ఎద్దు, పింగళకుడనే సింహం, ఆ ఇద్దరి స్నేహం చెడగొట్టే దమనకుడనే నక్క. పిల్లలను కట్టిపడేయడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే చిన్నయసూరి రాసింది తూకం తప్పని గ్రాంథికం. సంధులు కలిసిపోయిన మాటలను పిల్లవాడు ముందు విడగొట్టాలి, తర్వాత ఒక్కొక్క మాటకు అర్థం అడగాలి, ఆ తర్వాతే నక్క ఏం చేసిందో తెలుస్తుంది. అప్పటికి నక్క మీద ఆసక్తి చచ్చిపోతుంది. తెలుగు వచనానికి నమూనాగా నీతిచంద్రికకు ఎదురులేదు. చదవడం నేర్పే పుస్తకంగా చూస్తే మాత్రం అది చాలా తరాల పిల్లలను ఇబ్బంది పెట్టింది.

ముడి ఎక్కడుందో గట్టిగా చెప్పినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ముందు తాను ఆ భాష నేర్చుకుని, వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. అలాంటి మనిషికి తెలుగు పిల్లలు ఎవరూ మాట్లాడని తెలుగులో చదువుకోవడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. విద్యాశాఖ అధికారి జె.ఎ. యేట్స్ కూడా జనం మాటకూ పుస్తకాల భాషకూ ఇంత ఎడం ఎందుకని అడిగాడు. ఆ చర్చే పెరిగి వ్యావహారిక భాషోద్యమం అయింది. 1910ల తొలి ఏళ్లలో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుకభాషలో రాయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, గ్రాంథికవాదుల ఒత్తిడికి కొద్దికాలానికే వెనక్కి తగ్గింది. పాఠ్యపుస్తకాల్లో ఓడిన వాడుకభాష కథల్లో, పత్రికల్లో గెలిచింది. రామమూర్తి కుమారుడు గిడుగు సీతాపతి పిల్లల కోసం పాటలు, కథలు రాశాడు. చింతా దీక్షితులు పిల్లలను చిన్న పెద్దమనుషుల్లా కాక పిల్లల్లాగే మాట్లాడించాడు.

ఆ తర్వాతి అడుగు రేడియో మీదుగా పడింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపి అన్నయ్య, అక్కయ్యగా పేరు పొందారు. 1940లో బాలానంద సంఘం పెట్టారు, 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. రేడియోలో విన్న గొంతే పేజీ మీద పలికినట్టుండే పత్రిక అది. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ అచ్చయింది అందులోనే. చదివే పిల్లవాడు రాసే పిల్లవాడు కావడానికి దూరం ఎంతో లేదని ఆ పత్రిక చూపించింది. పదేళ్లు గడిచాక అదే రమణ ‘బుడుగు’ రాశాడు, బాపు బొమ్మలు వేశాడు. పిల్లవాడి నోటి మాటను ఏ మాత్రం సరిదిద్దకుండా అచ్చులో పెట్టిన పుస్తకం తెలుగులో అంతకు ముందు లేదనే చెప్పాలి.

1947 జులైలో మద్రాసు నుంచి చందమామ మొదలైంది. స్థాపకులు బి. నాగిరెడ్డి, చక్రపాణి. తెలుగుతో పాటే తమిళంలో అంబులిమామ వచ్చింది. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం మొదలుకొని పన్నెండు భాషలకు పాకింది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా సంపాదకత్వ బాధ్యత మోశాడు. రచయితలు పంపిన కథలను ఆయన తిరగరాసేవాడు. అందుకే ఎవరు రాసినా చందమామ కథ ఒకే గొంతుతో వినిపిస్తుంది: చిన్న వాక్యాలు, పూర్తి క్రియలు, అనవసరమైన విశేషణం లేకపోవడం, మొదటి పేరాలోనే ఊరు, మనిషి, ఆ మనిషికి వచ్చిన చిక్కు తేలిపోవడం. పెద్దల కథల్లో మధ్యతరగతిని ఎండగట్టిన రచయిత, పిల్లల కోసం కట్టెలు కొట్టేవాడి కథను అంత నిష్ఠగా చెక్కడం గమనించదగ్గ సంగతి. చిత్ర, శంకర్, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య బొమ్మలు కథకు అలంకారంగా మాత్రమే ఉండేవి కావు. పేజీలో ఏం జరగబోతుందో సగం చెప్పేసేవి. మిగతా సగం కోసం పిల్లలు అక్షరాల్లోకి దిగేవారు.

చదువు ఎలా కుదురుతుందో ఒక్క మాట దగ్గర ఆగి చూడవచ్చు. ‘రాక్షసుడు’ అన్న మాటలో ‘క్ష’ ఉంది. రెండో తరగతి పిల్లకు ఒత్తులన్నీ ఇంకా పట్టుబడి ఉండవు. పలక మీద ‘క్ష’ విడిగా రాసి అడిగితే తడుముకుంటుంది. కథలో అయితే పై బొమ్మలో కోరలు, గద కనిపిస్తున్నాయి. అంతకు ముందు వాక్యంలో అడవి దద్దరిల్లింది. ‘రా’ దగ్గర మొదలుపెట్టగానే మిగతా మాట ఏమిటో పిల్లకు తట్టేస్తుంది. తట్టిన మాటను అక్షరంతో సరిచూసుకుంటుంది. అదే మాట ఆ పేజీలో నాలుగైదు సార్లు వస్తుంది. చివరిసారి వచ్చేసరికి కూడబలుక్కోవడం ఆగిపోయి, చూడగానే మాట తెలిసిపోతుంది. ఆ తర్వాత ‘పక్షి’, ‘వృక్షం’, ‘శిక్ష’ ఎదురైతే భయం ఉండదు. తెలుగు లిపిలో రాసింది రాసినట్టు పలుకుతుంది కనుక ఈ సరిచూసుకోవడం మోసం చేయదు. గుర్తుల సంఖ్య మాత్రం ఎక్కువ. కన్నడ పిల్లల మీద సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలూ ఒత్తులూ పూర్తిగా పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా కూడా పడుతోందని తేలింది. చెల్లెలి లిపి అయిన తెలుగుకూ అదే వర్తిస్తుంది. అంటే ఇంగ్లీషు ఇరవయ్యారు అక్షరాలతో పోలిస్తే తెలుగు పిల్లలకు సాధన ఎక్కువ కావాలి, అంత సాధన విసుగు లేకుండా చేయించగలిగింది కథ ఒక్కటే.

ఒక పోలిక ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలో 1954లో జాన్ హెర్సీ ‘లైఫ్’ పత్రికలో, బడి వాచకాలు జీవం లేకుండా ఉన్నందువల్లే పిల్లలు చదవడం లేదని రాశాడు. దానికి జవాబుగా 1957లో డాక్టర్ స్యూస్ ‘ది క్యాట్ ఇన్ ద హ్యాట్’ వచ్చింది. అందులో వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. సరిగ్గా ఆ ఏళ్లలోనే చందమామ ఎదురు దిక్కున నడిచింది. మాటల లెక్క పెట్టుకోలేదు, వాక్యం తేటగా ఉంటే కొత్త మాట పిల్లల్ని ఆపదని నమ్మింది. ఇంగ్లీషు స్పెల్లింగుకు స్యూస్ పద్ధతి తగింది, తెలుగు లిపికి చందమామ పద్ధతి తగింది.

దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు దీనికి గట్టి సాక్ష్యం. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటివి నెలనెలా వచ్చాయి. ఏ భాగమూ ఊపిరి తీసుకునే చోట ఆగేది కాదు. ఆయన సృష్టించిన ఖడ్గవర్మ, జీవదత్తుల పేర్లు తెలిసిన పిల్లలకు ఆ సీరియళ్లు రాసిందెవరో దశాబ్దాల పాటు తెలియలేదు. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. తర్వాతి భాగం కోసం నెలరోజులు ఎదురుచూసిన పిల్లలు పాత సంచికలే మళ్లీ మళ్లీ చదివేవారు. ఒకే పాఠాన్ని తిరిగి చదవడం వేగాన్ని పెంచుతుందని విద్యాశాస్త్రం తర్వాత చెప్పింది. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది.

చందమామలోని బేతాళ కథలది ఇంకో రకం పని. కథ ముగిశాక బేతాళుడు విక్రమార్కుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబు కింది పేరాలోనే ఉంటుంది, అయినా పిల్లలు ఒక క్షణం ఆగి తమ జవాబు అనుకుంటారు. పాఠం చివర ఉండే ప్రశ్నలకు జవాబు పాఠంలో వెతికి రాస్తే చాలు. బేతాళుడి ప్రశ్నకు పాత్రల మనసులోకి వెళ్లాలి: దొంగ ఎందుకు ఏడ్చాడు, రాజు ఎవరిని ఎందుకు క్షమించాడు. పాతిక పాత కథలు అయిపోయాక కూడా అదే చట్రంలో కొత్త కథలు దశాబ్దాల పాటు పుట్టడానికి ఆ ప్రశ్నకున్న బలమే కారణం.

మిగతా చరిత్రను త్వరగా దాటవచ్చు. బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి చందమామ బాటలో నడిచాయి. మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు వంటివారు అనువదించిన సోవియట్ పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి, 1991 తర్వాత ఆగిపోయాయి. నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో బొమ్మల పుస్తకాలు తెచ్చింది. టీవీ, ఇంగ్లీషు మీడియం ఒకేసారి వచ్చిపడ్డాక పత్రికలు ఒక్కొక్కటే చిక్కిపోయాయి. 2007లో చందమామ ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి పోయి, 2010ల తొలి ఏళ్లలో ఆగిపోయింది. విచిత్రమేమంటే కథ విలువ చదువును కొలిచేవారు గుర్తించింది కూడా అప్పుడే. 2005 నుంచి ప్రథమ్ సంస్థ జరుపుతున్న అసర్ సర్వేలో పిల్లల చదువును కొలిచే మెట్లు అక్షరం, పదం, పేరా, చివరిగా ఒక చిన్న కథ. కథ చదవగలిగితేనే చదవడం వచ్చినట్టు లెక్క.

ఇదే కాలంలో తెలుగు పిల్లలు కొందరు వేరే తీరాన పెరగడం మొదలైంది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుట్టాక, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వలసలు సాగాయి. వెళ్లినవారిలో ఎక్కువమంది కూలీలు, వాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండిపోయారు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఒమన్‌లో ఆ హద్దును 600 రియాళ్ల నుంచి 300కు తగ్గించింది 2017లో. కాబట్టి ఒమన్ రాజధాని మస్కట్‌లో పెరిగిన తెలుగు పిల్లలు అంటే చాలావరకు ఇంజనీర్లు, నర్సులు, లెక్కల ఉద్యోగుల పిల్లలు. గల్ఫ్ వలస గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఘుబ్రా మస్కట్‌లో బౌషర్ పాలనా విభాగానికి (విలాయత్) చెందిన సముద్రతీర ప్రాంతం. 1970లో సుల్తాన్ ఖాబూస్ పాలనకు వచ్చేనాటికి ఒమన్ మొత్తం మీద ఆధునిక బడులు మూడే, చదివేది సుమారు 900 మంది మగపిల్లలు. ఆ తర్వాత మార్పు వేగంగా వచ్చింది. సముద్రపు నీటిని మంచినీరు చేసే దేశపు తొలి పెద్ద కర్మాగారం 1976లో ఘుబ్రాలోనే వెలిసింది. నీళ్లు వచ్చాక ఇళ్లు, ఇళ్ల వెంట బడులు వచ్చాయి. భారతీయ పిల్లల కోసం 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్, 1990లో ఇండియన్ స్కూల్ అల్ ఘుబ్రా మొదలయ్యాయి. సీబీఎస్ఈ పాఠ్యక్రమం, బోధన ఇంగ్లీషులో. తరగతిలో మలయాళం, తమిళం, హిందీ, తెలుగు ఇళ్ల పిల్లలు కలిసి కూర్చుంటారు. వాళ్లందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషు, దారి పొడుగునా బోర్డుల మీద కనిపించేది అరబిక్, ఇంగ్లీషు.

ఇలాంటి చోట కథ చేసే మేలుకు బయటి సాక్ష్యం ఉంది. 1980ల తొలి ఏళ్లలో ఫిజీ గ్రామీణ బడుల్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు ఇంటిభాష కాని పిల్లలకు తరగతికి 250 చొప్పున కథల పుస్తకాలు పెట్టారు, మామూలు పాఠాల బదులు కథలే చదివించారు. వ్యాకరణ పాఠాలతో నేర్చుకున్నవారికంటే ఈ పిల్లలు బాగా ముందుకు వెళ్లారు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగు కూలీలు వెళ్లారు, అక్కడి తెలుగు ఇప్పుడు దాదాపు ఆరిపోయింది. కథలు ఇంగ్లీషును నిలబెట్టగలిగితే తెలుగును నిలబెట్టలేవా అని అడగడానికి ఫిజీ కంటే తగిన చోటు లేదు.

ఘుబ్రా పిల్లల ఇబ్బంది బళ్లారి పిల్లల ఇబ్బందికి తలకిందులు. బళ్లారి పిల్లవాడికి లిపి వచ్చు, పుస్తకంలోని తెలుగు రాదు. ఘుబ్రా పిల్లకు ఇంటి తెలుగు వచ్చు, లిపి రాదు. తొమ్మిదేళ్లకు ఇంగ్లీషులో మూడు వందల పేజీల నవల చదివే పిల్లకు తెలుగులో ‘అల, వల, తల’ ఇస్తే అవమానంగా ఉంటుంది. ఆ పిల్ల బుర్రకు తగిన కథ కావాలి, కంటికి తగిన తేలిక వాక్యం కావాలి. రెండూ కలవడం కష్టం. అందుకు ఇప్పటిదాకా పనికొచ్చిన ఉపాయం, కథ ముందే తెలిసి ఉండటం. రామాయణమో తెనాలి రామకృష్ణుడో పరమానందయ్య శిష్యులో చెవిన పడిన కథ అయితే, ఏం జరుగుతుందో తెలుసు కనుక చూపంతా అక్షరం మీద పెట్టవచ్చు. చెన్నైలోని తూలికా ప్రచురణలు ఒకే పేజీలో ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన అచ్చువేస్తాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది, పిల్లల స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టి ఉంటుంది. అనంతపురం జిల్లా నుంచి వెలువడిన ‘కొత్తపల్లి’ పత్రికను ఇంటర్నెట్‌లో ఎక్కడున్నవారైనా చదవవచ్చు. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి వంటి తరగతులు లిపి నేర్పుతాయి గానీ, వారానికి ఒక పూట తరగతితో ధారాళత రాదు. రాత్రి పడుకోబోయే ముందు అమ్మో నాన్నో వేలు పెట్టి చదివే పది నిమిషాలే ఆ లోటు తీరుస్తాయి.

ఇంకో ఎడం మిగిలే ఉంది. చందమామ తెలుగు ఘుబ్రా పిల్లలకు వాక్యంలో కష్టం కాదు, వస్తువుల్లో కష్టం. పొలిమేర, గిలక బావి, కట్టెల మోపు, సంత: ఈ మాటలకు వాళ్లు చూసిన బొమ్మ లేదు. కరీంనగర్ ఇంటి పిల్లకు కృష్ణా తీరపు క్రియారూపాలు కూడా కొంత పరాయివే. వాళ్లు రోజూ చూసే వాదీలు అనే ఎండు వాగులు, ఖర్జూర చెట్లు, ఎండకు కాలిపోయే బడి బస్సు సీటు, సెలవుల్లో ఊరికి వెళ్లే విమానం తెలుగు పిల్లల కథల్లో చాలా అరుదు. క్యాంబెల్ చూసిన దూరం ఇప్పుడు వ్యాకరణం నుంచి కథలోని లోకానికి జరిగింది. గల్ఫ్‌లో పిల్లల్ని పెంచిన తెలుగు రచయితలు పట్టించుకోవలసిన పని ఇదే: ఘుబ్రా వీధిలో జరిగే కథను, ఇంట్లో మాట్లాడే తెలుగులో, మూడో తరగతి కన్ను దాటగలిగే వాక్యాల్లో రాయాలి.